ఇనుము చుట్టూ ఆరు చోట్లు

సూర్యాపేట,
మాఘమాసం, శుక్రవారం మధ్యాహ్నం.

చి.ల.సౌ. రజితకు,

రమేష్ రాసేది. ఇక్కడ నేను, నిడమనూరు దగ్గర తండాలో మీ అత్త, మా యాడి క్షేమం. హైదరాబాదు దవాఖానలో నువ్వూ మన గోపికా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అని చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది. అందులో నా వంతు ఎంత నిజమో ఉత్తరం పూర్తయ్యేలోగా నీకే తెలుస్తుంది.

జేబులో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని మీ నాన్న నన్ను ఆట పట్టిస్తున్నాడు. "ఏంది అల్లుడా, పెళ్ళైన పదేళ్ళకి ప్రేమలేఖలా?" అన్నాడు మొన్న కోదాడ బస్టాండులో. ధన్‌సింగ్ మామకు నవ్వులాటే. ఫోను ఎత్తగానే గోపిక స్పీకరు నొక్కుతుందని ఆయనకు తెలియదు. మనం గొంతు తగ్గించి 'ఫెరిటిన్' అన్నామో లేదో, "ఈసారి ఎంతొచ్చింది బాపూ?" అని అడుగుతుంది. ఆ వయసు పిల్లలకు ఎక్కాలు వస్తే చాలు, మన పిల్లకు రక్తపరీక్షల పేర్లన్నీ వచ్చు. అందుకే వారం వారం మీకు పచ్చళ్ళూ ఉతికిన బట్టలూ మోసుకొచ్చే మామ సంచిలోనే మన మాటలు కూడా పోతున్నాయి. ఈసారి కవరు అంటించి, ఇవాళ సాయంత్రం బస్సుకే మామకు ఇచ్చి పంపుతున్నాను. పాప నిద్రపోయాక వరండాలోకి వెళ్ళి ఒక్కదానివే చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. లేకపోతే "అడిగింది చెప్పవు, అడగని పాఠం చెప్తావు" అంటావు. తింటున్నాను. మెస్సు సాంబారు తినాలని లేదు గానీ తింటున్నాను. కాలేజీకి రోజూ వెళ్తున్నాను, ఇవాళ ఆటల పోటీలని పిల్లలంతా గ్రౌండులో ఉన్నారు, నేను ఖాళీ ల్యాబులో కూర్చుని ఇది రాస్తున్నాను. జ్వరం తగ్గిందా అని అడిగావు. దాని సంగతి కింద రాస్తాను. గోపికకు వచ్చే వారం ఎక్కించాల్సిన రక్తానికి బెంగ లేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లు రాజ్‌కుమార్ ఫోను చేశాడు. "గీడ గింతమంది హమాలోల్లం ఉన్నం సార్, మా బిడ్డకు రక్తం తక్కువైతదా? మీరు పరేషాన్ గాకుర్రి, నలుగురిని బస్సెక్కిస్త" అన్నాడు. బస్తాలు మోసి మోసి అలిసిన మనుషులు వాళ్ళు, పైగా ఆ పొద్దు కూలి పోగొట్టుకుని వస్తారు. వాళ్ళకు చాయ్ పోయించడం మరిచిపోకు.

మిగిలినవి మూడు ప్రశ్నలు. అత్త ఎందుకు ఫోను చేయడం లేదు? గోపికకు ఇస్తానన్న ఎర్రరాయి ఏమైంది? ఆ ఆదివారం నువ్వు చాయ్ తెచ్చేలోగా చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయాను, పిల్లకు పిప్పరమెంట్లు ఇస్తానని ఎందుకు ఇవ్వలేదు? నువ్వు వేరువేరుగా అడిగావు గానీ, మూడింటికీ జవాబు ఒక్కటే. మొదటినుంచీ చెప్పుకుంటూ రావాలి, ఓపిక పట్టు.

మన పిల్ల రక్తం నిలవదు కాబట్టి ఎవరిదో రక్తం ఎక్కిస్తారు. ఎక్కించిన ప్రతి సంచీతో ఇనుము కూడా లోపలికి పోతుంది. పోయిన ఇనుముకు బయటికి దారి లేదు, గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుంటుంది. ఫెరిటిన్ లెక్క చెప్పేది ఆ ఇనుమునే. దాన్ని పట్టి బయటికి లాగే మాత్ర గోపికకు పడలేదు, ఆపేశారు. ఇప్పుడు ప్రతి రాత్రీ పొట్ట మీద సూది గుచ్చి, మందు ఎక్కించే పంపు కట్టి పడుకోబెడుతున్నావు. సూది గుచ్చేటప్పుడు అది ఏడవదు, నీ మొహం చూస్తుంది. ఆ చూపు తట్టుకోలేకే నేను కొత్త మందు వెంట పడ్డాను. పీహెచ్‌డీ కోసమని నువ్వు అనుకున్నావు, మా గైడు వెంకటనర్సయ్య సారు కూడా అలాగే అనుకున్నారు.

ఇనుమును పట్టే మందంటే ఏమిటో నీకు ఒకసారి మన పొలం గట్టు మీద చెప్పాను, గుర్తుందా? ఎండ్రకాయ రెండు డెక్కలతో వేలు పట్టినట్టు పడుతుంది. ఇనుము చుట్టూ ఆరు చోట్లుంటాయి. రెండేసి డెక్కలున్న ఎండ్రకాయలు మూడు చేరితే ఆరు చోట్లూ నిండుతాయి, ఇక ఇనుము కదలదు, మూత్రంలో బయటికి పోతుంది. నేను తయారుచేసిన తెల్లపొడి అలా పడుతుందని కాగితం మీద బొమ్మ గీశాను. తొందరగా కరిగిపోకుండా దానికి ఒక తోక కూడా తగిలించాను, అది నా సొంత తెలివి. ఆ మందుకు మన పిల్ల పేరే పెట్టుకున్నాను. సారు నవ్వి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా? ముందు ఇనుముతో కలిపి స్ఫటికం చెయ్యి, ఎక్స్‌రే కింద పెట్టి దాని నిర్మాణం చూద్దాం, పేరు తర్వాత" అన్నారు.

స్ఫటికం పెరగాలంటే కదలిక ఉండకూడదు. సూర్యాపేటలో మన కిరాయి ఇల్లు హైవే పక్కన, లారీ పోయినప్పుడల్లా సీసాలు గలగలమంటాయి. మిర్యాలగూడలో మా తమ్ముడి ఇంట్లో పెడితే పక్కన మిల్లు అదురు. రెండు చోట్లా అడుగున ఎర్రటి బురదే మిగిలింది. చివరికి శ్రావణంలో సీసాలు తండాకు తీసుకెళ్ళి, సీతాఫలాలు మగ్గబెట్టినట్టు గుమ్మిలో వడ్ల మధ్య పాతిపెట్టాను. అక్కడ ఎండా తగలదు, అదురూ ఉండదు. మూతకు చిన్న బెజ్జం పెట్టి యాడితో, "ఇది నీ మనవరాలి మందు, లోపల పెరుగుతున్నది, ముట్టకు" అని చెప్పి వచ్చాను.

ముట్టకు అన్నాను, నీళ్ళు పోయకు అనలేదు. అవి తీజ్ పండుగ రోజులు. తండా ఆడపిల్లలంతా బుట్టల్లో గోధుమలు చల్లి పూటపూటకూ నీళ్ళు పోస్తున్నారు. మన గోపిక బుట్ట కూడా యాడి కట్టింది, దాని వంతు నీళ్ళు తనే పోసింది. పోసి పోసి, గుమ్మిలో సీసా చూస్తే ద్రావణం తగ్గుతున్నది. ఎండిపోతున్నదని బెజ్జంలోంచి రోజూ కాసిని బోరునీళ్ళు వదిలింది. స్ఫటికం పెరగాలంటే ఆ ద్రావణం మెల్లగా ఆరిపోవాలి. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు?

అయినా స్ఫటికాలు వచ్చాయి. దానిమ్మ గింజల్లా ఎర్రగా ఉన్నాయి. దసరా ముందు హైదరాబాదులో సారుతో కలిసి ఒకదాన్ని సూదిమొన మీది దారపు ఉచ్చులో పట్టి, చల్లటి గాలి ధారలో పెట్టి, ఎక్స్‌రే వేశాం. మిషన్ దాన్ని తిప్పి తిప్పి చుక్కలు ఏరింది. ఆ చుక్కల లెక్కలోంచి కంప్యూటరు మీద నిర్మాణం మెల్లగా తేలింది. మొదట ఇనుము, తర్వాత దాని చుట్టూ ఒక్కొక్కటే. నేను కుర్చీ అంచు మీద కూర్చుని లెక్కపెడుతున్నాను. ఆరు చోట్లలో నాలుగు నా మందువి. మిగిలిన రెండు చోట్లా నీళ్ళు కూర్చున్నాయి. మూడో ఎండ్రకాయ రానేలేదు. చుట్టుపక్కల ఖాళీల్లో కూడా ఇంకొన్ని నీళ్ళు ఇరుక్కుని ఉన్నాయి, ఆ రాయి నిలబడిందే వాటి మీద.

సారు ఆ రెండు చోట్లను వేలితో చూపించారు. తర్వాత, "ఇది ఇనుమును సగమే పట్టింది రమేషూ. సగం పట్టిన ఇనుము ఊకోదు, ఒంట్లో అసలు పట్టనిదానికంటే ఎక్కువ ఖరాబు చేస్తది. ఇక్కడికి బంద్ చెయ్యి" అన్నారు. నేను వినలేదు. నీళ్ళు కనబడగానే నాకు యాడి గుర్తొచ్చింది, ఆమే పోసి ఉంటుందని సారుతో అన్నాను. ఆ రోజే తండాకు వెళ్ళి గుమ్మి దగ్గర నిలబెట్టి అడిగాను. ఆమె దాచలేదు.

"పెరిగేదానికి నీళ్ళు పొయ్యకుంటే ఎట్ల పెరుగుతది రా? పిల్ల బుట్టకు పోసిన, దీనికి గూడ జర పోసిన. తప్పైందా?"

"నా కష్టమంత నీళ్ళల్ల కలిపినవ్ యాడీ. నీ మనవరాలి మందు నీ చేత్తోనే ఖతం చేసినవ్" అన్నాను. ఇంకా అన్నాను, అవి రాయను. ఆమె నా కాళ్ళ దగ్గర కూర్చుని గుమ్మిలోంచి కారిన వడ్లు ఏరుకుంటూ ఉండిపోయింది. అప్పటినుంచీ ఆమె నీకు ఫోను చేయడం లేదు. పిల్లకు తన వల్లే ఏదో అయిందనుకుని, నీ గొంతు వినడానికి జంకుతున్నది. తన తప్పు ఇసుమంత కూడా లేదు. ఆ మాట నేను ఇంకా వెళ్ళి చెప్పలేదు, రేపు వెళ్తాను.

సారు ఆ రోజు ఇంకొక మాట అన్నారు, నేను చెవిన పెట్టలేదు. "నీళ్ళు ఎవరు పోసిండ్రన్నది కాదయ్యా. మూడోది కూసునే జాగా ఉంటే ఆ నీళ్ళు లేసిపోవా? జాగా ఎందుకు లేదో అది సూడు" అన్నారు. చూడలేదు. నేను తగిలించిన తోకే మూడోదాన్ని దగ్గరికి రానివ్వడం లేదని ఆ బొమ్మలో కనబడుతూనే ఉంది. ఇరవై మంది పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, నాకు కనబడలేదు. కనబడితే మందు లేదు, మందు లేకపోతే సూది ఉంది, సూది ఉంటే గోపిక నీ మొహం చూస్తుంది.

కార్తీకంలో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి నీటి చుక్క లేని ద్రావణంలో, ఈ ల్యాబు బీరువా అడుగున గోనెసంచులు పరిచి, తాళం వేసి పెట్టాను. దాని నిర్మాణం తేలేదాకా ఆగాల్సింది. స్ఫటికం రావడానికి నెలలు పడుతుంది, అక్కడ నీ నోట ప్రతి వారం ఫెరిటిన్ పెరిగిందన్న మాటే. పొడిలో తప్పు లేదు, తప్పు బోరునీళ్ళది అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. మందులషాపులో ఖాళీ క్యాప్సూలు గొట్టాలు కొని ఆ తెల్లపొడి నింపాను. నేను మింగితే ఏమీ కాకపోతే పిల్లకూ ఏమీ కాదని లెక్క. కార్తీకం నుంచి పుష్యం దాకా రోజూ మింగాను. ముఖం తెలియని మనిషిని ఇంట్లోకి రానివ్వం, నిర్మాణం తెలియని దాన్ని ఒంట్లోకి రానిచ్చాను.

రజితా, నాకు జ్వరం రాలేదు.

గోపిక ఒంట్లో సొంత రక్తం నిలిచేలా ఎక్కించడానికి ఎముక మూలుగ ఎవరిస్తారని వెతికినప్పుడు మనిద్దరిదీ సగం సగం కలిసింది. నీది దాని రక్తానికి పడదన్నారు, నాది పడుతుందన్నారు. హోలీ దాటగానే చేద్దామని తారీఖు ఇచ్చారు. నువ్వు ఆ రోజు ఫోనులో ఏడ్చావు, తారీఖు దొరికిందని. పుష్యంలో నాకు చివరి పరీక్షలు చేశారు. అప్పటికే చెప్పులు బిగుతయ్యాయి, పొద్దున లేస్తే కళ్ళ కింద వాపు. నిద్ర చాలక అనుకున్నాను, అనుకోవాలనుకున్నాను. నా మూత్రపిండాలు దెబ్బతిన్నాయని రిపోర్టు వచ్చింది. అలాంటివాడి దగ్గర మూలుగ తీసుకోరు. తారీఖు వెనక్కి పోయింది నా జ్వరం వల్లని నీకు చెప్పాను. జ్వరమైతే తగ్గుతుంది కదా, అందుకని ఆ మాట ఎంచుకున్నాను. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తామన్నారు. కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. ఈలోగా పిల్ల గుండెలో ఇనుము ఆగదు.

అప్పటికీ నాకు బుద్ధి రాలేదు. వేరే ఏదో కారణం అయి ఉంటుందని ఆశ. పోయిన వారం బీరువాలో స్ఫటికం దొరికింది. సారు దగ్గరికి పట్టుకుపోయాను. ఒక్క నీటి చుక్క పోయని సీసా అది, తాళం నా మొలతాడుకే కట్టుకుని తిరిగాను. నిర్మాణం తేలింది. ఇనుము, నాలుగు చోట్లు నావి, మిగతా రెండు నీళ్ళవి. ఆ నీళ్ళు గాలిలో చెమ్మ నుంచి లాక్కున్నవి. ఎవరు పోసినా పోయకపోయినా ఆ రెండు చోట్లూ ఎప్పుడూ వాటివే. యాడి పోసిన నీళ్ళు చేసిందేమీ లేదు. సారుకు అప్పుడు అంతా చెప్పాను. ఆయన లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చి, నా చెయ్యి పట్టుకున్నారు.

నిన్న దవాఖాన డాక్టరు విజయ మేడమ్‌కు ఫోను చేసి నేను మింగిందేమిటో, ఎన్నాళ్ళు మింగానో చెప్పాను. మేడమ్ కేకలు వేయలేదు. "ఇది ఫైల్ల రాయాలె. సోమవారం మీ మిసెస్‌కు నేను చెప్పాలె" అన్నారు. ఆమె నోట వినడానికి ముందే నా నుంచి వినాలని ఇది రాస్తున్నాను.

ఎర్రరాయి సంగతి కూడా చెప్పేస్తాను. మొదటివాటిలో పెద్దది ఒకటి గోపికకని పక్కన పెట్టాను, ద్రావణంలోంచి తీసి దూది మీద. అవి నీళ్ళతో నిలబడ్డ రాళ్ళని మరిచిపోయాను. లోపలి నీళ్ళు ఆరిపోయి నాలుగు రోజుల్లో పగిలి, వేలితో ముడితే కుంకుమలా పొడైపోయింది. రాయి లేదని దానికి చెప్పు. పెరుగుతున్నదని మాత్రం చెప్పకు. నేను చెప్పిన అబద్ధాలు చాలు.

ఇక ఆ ఆదివారం. నిజానికి ఈ ఉత్తరమంతా రాసింది దీని కోసమే, దీన్నే ఇంతసేపూ వెనక్కి నెట్టుకుంటూ వచ్చాను. నేను మింగాను అన్నదాకా చదివి నీకు నా మీద జాలి కలిగి ఉంటే, దాన్ని వెనక్కి తీసుకో.

ఆ రోజు నా చొక్కా జేబులో చిన్న సీసా ఉంది. దాంట్లో గోపిక బరువుకు లెక్కకట్టి నింపిన గొట్టాలున్నాయి. నాకేమీ కాలేదు కాబట్టి ఆ రోజు మొదలుపెట్టాలని వచ్చాను. నీకు చెప్పదల్చుకోలేదు, చెబితే నువ్వు ఒప్పుకోవని తెలుసు. "తలనొప్పిగా ఉంది, చాయ్ తెస్తవా" అని నిన్ను కిందికి పంపింది అందుకే. నువ్వు వెళ్ళగానే గోపిక నా మీదికి ఒరిగింది.

"జేబుల గలగలమంటుంది ఏంది బాపూ?"

"పిప్పరమెంట్లు బిడ్డా."

"నాకేనా?"

"నీకే."

చెయ్యి చాపింది. మణికట్టు దగ్గర నిన్నటి సూది తాలూకు ప్లాస్టరు ఉంది. నేను మూత తీశాను. ఒకటి వేళ్ళ మధ్యకు తీసుకున్నాను. అప్పుడు ఫోను మోగింది. విజయ మేడమ్. "మీ రిపోర్ట్ మంచిగ లేదు, జర కిందికి రాండ్రి" అన్నారు. గొట్టం మళ్ళీ సీసాలో వేసి, "ఇప్పుడే వస్త" అని లేచాను. కింద ఆమె గదిలో ఆ కాగితం చూశాక మళ్ళీ పైకి రాలేదు. నువ్వు చాయ్ గ్లాసులు పట్టుకుని లిఫ్టు ఎక్కుతుంటే స్తంభం చాటున నిలబడి చూశాను. తర్వాత దిల్‌సుఖ్‌నగర్ వచ్చి సూర్యాపేట బస్సెక్కాను.

నన్ను ఆపింది నా తెలివి కాదు, నా ప్రేమా కాదు. ఒక ఫోను. ఆ ఫోను కాస్త ఆలస్యమై ఉంటే నా కన్నబిడ్డ నోట్లో నా చేత్తో నేనే వేసేవాణ్ణి, దానికి పిప్పరమెంటు అని పేరు పెట్టి. అది చప్పరించకుండా మింగేది కూడా. మందులు మింగడం దానికి అంత అలవాటు చేశాం.

మిగిలిన పొడినంతా నిన్న సారు ఎదుటే పారేశాను. ఆ రెండు చోట్లా నీళ్ళను మొదటిసారి చూసినప్పుడే ఆగి ఉంటే ఈ పాటికి నువ్వు హోలీ ఎప్పుడా అని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండేదానివి.

ఆదివారం మామ మళ్ళీ వస్తున్నాడు, ఆయనతో పాటు నేనూ వస్తున్నాను. దవాఖాన గేటు దగ్గర, చాయ్ బండి పక్కన నిలబడతాను. నా మొహం చూడాలని లేకపోతే మామను ఒక్కణ్ణే పైకి పిలువు, నేను అక్కడే ఉండి, సాయంత్రం ఆయనతో తిరిగి వెళ్తాను. గోపిక అడిగితే బాపు వచ్చాడని మాత్రం చెప్పు. ఒకవేళ పైకి రానిస్తే, దాని గదిలో అడుగు పెట్టకముందే నా జేబులు చూడు. ఆ రోజే కాదు, ఇక ఎప్పుడు వచ్చినా చూడు.

ఇట్లు,
గోపిక బాపు,
రమేష్.